గ్రీకు పాఠంలో ఒకే వరుసలో రెండు రకాల అక్సెంట్లు, కిందికి జారిపోయే చుక్కలు: తప్పు ఫాంటుదా, ఫైలుదా?

మసాలియా_రేవు
ప్రాచీన గ్రీకు నౌకాయాన గ్రంథం పెరిప్లస్‌లో మన కృష్ణా తీరాన్ని మసాలియా అంటూ చెప్పే 62వ అధ్యాయం, దానికి తోడు ప్రాచీన శాస్త్రవేత్త టోలెమీ రాసిన ‘భూగోళం’లోని మైసోలియా భాగం: ఈ రెండిటినీ పుస్తకంగా కూరుస్తున్నా. ఎడమ పేజీలో గ్రీకు, కుడి పేజీలో తెలుగు అనువాదం, అడుగున పాఠాంతరాలు (చేతిరాత ప్రతుల మధ్య మాట తేడాలు). పేజీలు కూర్చడానికి జీలాటెక్ ప్రోగ్రాము, అందులో ఫాంట్లకి ఫాంట్‌స్పెక్, భాషలకి పాలీగ్లోసియా ప్యాకేజీలు వాడుతున్నా. గ్రీకుకి భాష ఆప్షన్ వేరియంట్ దగ్గర ఏన్షియెంట్ అని ఇచ్చాను. పాఠంలో సగం వెబ్ నుంచి కాపీ చేసింది, సగం పాలిటోనిక్ (ప్రాచీన గ్రీకు అక్సెంట్లన్నీ ఉన్న) కీబోర్డుతో కొట్టింది.

గొడవలు ఇవీ:
ఒకే వరుసలో కొన్ని ఆల్ఫాల మీద గీత వాలుగా, కొన్నిటి మీద నిలువుగా వస్తోంది. అర్ధవిరామం కోసం పెట్టే పైచుక్క కొన్నిచోట్ల సరిగ్గా పైన ఉంటోంది, కొన్నిచోట్ల అక్షరం నడుముకి దిగిపోతోంది. టోలెమీ అంకెల పక్కన కెరైయా (అక్షరాన్ని అంకెగా చదవమని చెప్పే గీత) ఒక ఫాంటులో కనబడి ఇంకో ఫాంటులో ఖాళీ డబ్బా అవుతోంది. గ్రీకు, తెలుగు పేజీల్లో వరుసలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడవు.

నాలుగు ఫాంట్లు మార్చి చూశాను. ప్రతి ఫాంటూ ఒకటి బాగుచేసి ఇంకోటి చెడగొడుతోంది.

ప్రూఫు_పురుగు
ఫాంటుని తిట్టే ముందు ఫైలు చూడండి. మీ ఫైల్లో రెండు రకాల ఆల్ఫాలున్నాయి.

లూనేట్_సిగ్మా
పురుగు గారన్నదే. ఒక్సియా, అంటే కుడివైపు పైకి లేచే గీత అక్సెంట్, ఉన్న చిన్న ఆల్ఫాకి యూనికోడ్‌లో రెండు స్థానాలు (కోడ్ సంఖ్యలు). ఒకటి మామూలు గ్రీకు బ్లాకులో 03ఏసీ, దాని పేరు టోనోస్. రెండోది విస్తృత గ్రీకు బ్లాకులో 1ఎఫ్71, దాని పేరు ఒక్సియా. యూనికోడ్ లెక్కన ఈ రెండూ సమానం. కానీ ఫాంటు గీసేవాళ్లకి అవి రెండు వేర్వేరు గడులు. గ్రీసులో 1982లో ఒకే అక్సెంట్ పద్ధతి వచ్చాక, ఆధునిక గ్రీకు కోసం టోనోస్‌ని నిలువుగానో మేకులాగానో గీసినవాళ్లున్నారు. అదే ఫాంటులో 1ఎఫ్71ని మాత్రం వాలుగా గీశారు.

ఇంకా తమాషా ఏంటంటే, ఊపిరి గుర్తూ (పదం మొదట హకారం ఉందో లేదో చెప్పేది) ఒక్సియా కలిసి ఉన్న ఆల్ఫా, అంటే 1ఎఫ్04, ఒక్క చోటే ఉంది. దానికి జంట లేదు కాబట్టి ఎప్పుడూ వాలుగానే వస్తుంది. దాని పక్కనే 03ఏసీ పడితే మీరు చూసిన దృశ్యం.

ఇలా జంటలున్న అచ్చులు మొత్తం 16. చిన్నవి ఏడు, పెద్దవి ఏడు, రెండు చుక్కలతో అక్సెంట్ ఉన్న ఇయోటా ఒకటి, ఉప్సిలాన్ ఒకటి.

డీటీపీ_బాబాయ్
మన దగ్గర పాత నాన్‌యూనికోడ్ ఫాంట్లతో కొట్టిన ఫైలు ఇంకో ఫాంటులో తెరిస్తే కలగూరగంప అవుతుంది కదా. ఇది యూనికోడ్ అయి కూడా అదే గోలా?

లూనేట్_సిగ్మా
కాదు బాబాయ్, అక్కడ అక్షరమే మారిపోతుంది. ఇక్కడ అక్షరం అదే, బట్టలు వేరు.

నిశ్శబ్ద_బైట్
ముందు ఫైలు మొత్తాన్ని ఎన్ఎఫ్‌సీలోకి, అంటే సమానమైన అక్షరాలన్నిటినీ ఒకే రూపానికి తెచ్చే యూనికోడ్ పద్ధతిలోకి, తెండి. ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీతో వచ్చే యూకాన్వ్ ఉంటే మైనస్ ఎక్స్ పెట్టి ఎనీ-ఎన్ఎఫ్‌సీ అని ఇస్తే చాలు. లేకపోతే పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూలు, అందులో నార్మలైజ్. 1ఎఫ్71 లాంటివన్నీ 03ఏసీ లాంటివి అయిపోతాయి. కనీసం తప్పంతా ఒకే రకం తప్పు అవుతుంది.

ఎన్ఎఫ్‌డీలో, అంటే అక్షరం విడిగా గుర్తు విడిగా, ఉంచకండి. హైఫనేషన్ ప్యాటర్న్లు కలిసిన అక్షరాలతో రాసినవి. విడగొట్టిన పాఠంలో పదాలు సరైన చోట విరగవు, వరుసలు మార్జిన్ దాటి పోతాయి.

వరియా_విరించి
నేను ఒప్పుకోను. ప్రాచీన గ్రీకుకి ఒక్సియానే సరైన అక్షరం. ఎన్ఎఫ్‌సీ చేసి టోనోస్‌గా మార్చడమంటే పాఠాన్ని ఆధునికం చేయడమే. ఫైల్లో అన్నిటినీ 1ఎఫ్ వరుసలోకి మార్చేయండి, ఏ ఫాంటైనా వాలుగానే వస్తుంది.

నిశ్శబ్ద_బైట్
వస్తుంది, మీ డెస్క్ మీద ఉన్నంతకాలం. ఆ ఫైలు ఏ డేటాబేసులోకో, వెబ్ ఎడిటర్‌లోకో, వెతికే ప్రోగ్రాములోకో వెళ్లిందంటే దారిలో ఎవడో ఒకడు ఎన్ఎఫ్‌సీ చేస్తాడు, మీకు చెప్పడు. యూనికోడ్ ఆ రెండూ సమానమనే అంటోంది కాబట్టి వాడి తప్పూ కాదు. రేపు సగం ఫైలు మళ్లీ నిలువు గీతలు.

ప్రూఫు_పురుగు
ఇద్దరిదీ సగం సగం నిజం. దాచే ఫైల్లో ఎన్ఎఫ్‌సీ, అచ్చేసేటప్పుడు ఒక్సియా. ఆ మార్పు ఫాంటు దగ్గర జరగాలి, ఫైల్లో కాదు.

కుండలీకరణం
అదే చెప్పబోతున్నా. జీలాటెక్‌లో దీనికి టెక్‌కిట్ మ్యాపింగ్ ఉంది, అంటే ఒక అక్షరం బదులు ఇంకోటి ఫాంటుకి అందించే పట్టిక. కమాండ్ల పేర్లు తెలుగులో రాస్తున్నా, బ్యాక్‌స్లాష్‌లు మీరే తగిలించుకోండి.

డాట్ మ్యాప్ ఎక్స్‌టెన్షన్‌తో ఒక మామూలు టెక్స్ట్ ఫైలు తెరవండి. మొదటి రెండు వరుసల్లో ఎల్‌హెచ్ఎస్‌నేమ్, ఆర్‌హెచ్ఎస్‌నేమ్ అని పేర్లు. మూడో వరుసలో పాస్, బ్రాకెట్లో యూనికోడ్. అక్కణ్ణుంచి వరుసకో మార్పు: ఎడమ యూ+03ఏసీ, మధ్యలో ‘కంటే పెద్ద’ గుర్తు, కుడి యూ+1ఎఫ్71. ఎప్సిలాన్ 03ఏడీ నుంచి 1ఎఫ్73కి, ఈటా 03ఏఈ నుంచి 1ఎఫ్75కి, ఇయోటా 03ఏఎఫ్ నుంచి 1ఎఫ్77కి, ఒమిక్రాన్ 03సీసీ నుంచి 1ఎఫ్79కి, ఉప్సిలాన్ 03సీడీ నుంచి 1ఎఫ్7బీకి, ఒమేగా 03సీఈ నుంచి 1ఎఫ్7డీకి. పెద్దక్షరాలు, రెండు చుక్కలవి కూడా అలాగే.

తర్వాత టెక్‌కిట్_కంపైల్ నడిపితే డాట్ టెక్ అనే ఫైలు వస్తుంది. దాన్ని మీ మూల ఫైలు ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టి, గ్రీకు ఫాంటు నిర్వచనంలో మ్యాపింగ్ ఈక్వల్స్ అని దాని పేరివ్వండి. ఇది అక్షరాలు ఫాంటుకి అందేటప్పుడు మాత్రమే పనిచేస్తుంది. హైఫనేషన్‌కి అడ్డం రాదు, ఫైలు ఎన్ఎఫ్‌సీలోనే ఉంటుంది.

మసాలియా_రేవు
పెట్టాను. గీతలన్నీ వాలుగా వచ్చాయి! కానీ గ్రీకులో రెండు హైఫన్లు కొడితే డ్యాష్ అయ్యేది, ఇప్పుడు రెండు హైఫన్లుగానే మిగిలిపోయింది.

కుండలీకరణం
అవును, అది చెప్పడం మరిచాను. ఒక ఫాంటుకి ఒకటే మ్యాపింగ్. లిగేచర్స్ ఈక్వల్స్ టెక్ అని ఇచ్చేది కూడా లోపల టెక్స్-టెక్స్ట్ అనే మ్యాపింగే. మీది వచ్చి దాన్ని తోసేసింది. రెండు 002డీలని 2013గా, మూడింటిని 2014గా మార్చే వరుసలు, కొటేషన్ గుర్తుల వరుసలు మీ మ్యాప్ ఫైల్లోనే చేర్చుకోండి.

వరియా_విరించి
జీలాటెక్‌కి బదులు లువాలాటెక్ వాడేవాళ్ల సంగతో? అక్కడ టెక్‌కిట్ లేదు.

కుండలీకరణం
అక్కడ ఫాంట్లు తెరిచే లువాఓటీఎఫ్‌లోడ్‌లో యాడ్‌ఫీచర్‌తో సబ్‌స్టిట్యూషన్ రకం ఫీచర్ ఒకటి రాసుకుని, ఫాంట్‌స్పెక్‌లో రాఫీచర్‌గా పిలవాలి. నోడ్ మోడులో పనిచేస్తుంది. తెలుగుకి మాత్రం రెండరర్ ఈక్వల్స్ హార్ఫ్‌బజ్ (అక్షరాలు, వత్తులు కలిపి పేర్చే లైబ్రరీ) ఇవ్వాలి, లేకపోతే వత్తులు ఒకచోట అక్షరాలు ఒకచోట. జీలాటెక్‌లో ఆ బాధ లేదు, 2013 నుంచి హార్ఫ్‌బజ్ లోపలే ఉంది. ఈ పుస్తకానికి నేనైతే జీలాటెకే.

చుక్కల_చొక్కా
పైచుక్క సంగతి ఎవరూ ముట్టుకోలేదు. గ్రీకు పైచుక్క, ఆనో తెలేయా, 0387. అది మధ్య చుక్క 00బీ7తో సమానమని యూనికోడ్ తీర్మానం. ఎన్ఎఫ్‌సీ చేయగానే అన్నీ 00బీ7 అవుతాయి. మధ్య చుక్కని ఫాంటులో అక్షరం నడుము దగ్గర గీస్తారు, గ్రీకు చుక్క చిన్నక్షరాల తల ఎత్తున ఉండాలి. నిశ్శబ్ద గారి సలహా పాటిస్తే ఇప్పుడు అన్ని చుక్కలూ దిగిపోయుంటాయి.

మసాలియా_రేవు
నిజమే, అన్నీ దిగిపోయాయి. సిందోనెస్ అని మస్లిన్ బట్టల మాట వచ్చే వాక్యానికి ముందున్న చుక్క అయితే దాదాపు ఫుల్‌స్టాప్‌లా కూర్చుంది.

చుక్కల_చొక్కా
అదే మ్యాప్ ఫైల్లో 00బీ7ని 0387కి మార్చే వరుస చేర్చండి. ఫాంటులో 0387 గడి ఉండి, అది కూడా నడుము దగ్గరే గీసి ఉంటే ఆ ఫాంటు గ్రీకు కోసం ఆలోచించి చేసింది కాదు, వదిలేయండి. నేను ఫాంటు ఎంచేటప్పుడు మొదట చూసేది ఆ చుక్కనే.

నిశ్శబ్ద_బైట్
కెరైయా కథా ఇదే. 0374 ఎన్ఎఫ్‌సీలో 02బీ9 అవుతుంది. 02బీ9 ఫోనెటిక్ గుర్తుల బ్లాకులోది, చాలా గ్రీకు ఫాంట్లలో ఆ గడే ఉండదు. అందుకే డబ్బా. 02బీ9 నుంచి 0374కి ఇంకో వరుస.

ప్రశ్నార్థకం కూడా వినండి. గ్రీకు ప్రశ్నార్థకం 037ఈ, అది సెమీకోలన్‌తో సమానం. అక్కడ ఆకారం ఒకటే కాబట్టి ఏమీ చేయనక్కర్లేదు.

డీటీపీ_బాబాయ్
ఆఫీసులో ఎవడి మీదైనా కోపముంటే వాడి సీ ప్రోగ్రాములో ఒక సెమీకోలన్ తీసేసి ఆ 037ఈ పెట్టి రండి. సాయంత్రం దాకా వెతుక్కుంటాడు.

ప్రూఫు_పురుగు
డబ్బాలు కంటికి కనబడితేనే తెలిసేలా వదలొద్దు. ప్రియాంబుల్లో (ఫైలు మొదటి సెట్టింగుల భాగంలో) ట్రేసింగ్‌లాస్ట్‌క్యార్స్ విలువ 2 పెట్టండి, లేని అక్షరం తెర మీదే చెప్తుంది. టెక్‌లైవ్ (టెక్ ప్రోగ్రాముల కూర్పు) 2021 నుంచి 3 పెడితే ఏకంగా ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. అచ్చుకి పంపే ముందు చివరి రన్ 3తోనే చేయాలి. పాత వెర్షన్లలో డిఫాల్ట్‌గా ఈ గోడంతా లాగ్ ఫైల్లో పడి ఉండేది, దాన్ని చదివే నాథుడుండడు.

ఫాంటు_పిచ్చయ్య
ఫాంటు ఏదో చెప్పలేదు. పుస్తకానికి నా ఓటు జీఎఫ్ఎస్ పోర్సన్. 1808లో పోయిన రిచర్డ్ పోర్సన్ చేతిరాత చూసి రిచర్డ్ ఆస్టిన్ చెక్కిన అచ్చుల వారసత్వం. చిన్నక్షరాలు వాలు, పెద్దక్షరాలు నిటారు. ఆంగ్ల పండితుల ముద్రణల్లో కళ్లు అలవాటుపడ్డ రూపం. ఏథెన్స్‌లోని గ్రీక్ ఫాంట్ సొసైటీ 1992లో మొదలైంది, వాళ్ల ఫాంట్లు ఉచితం, చాలావరకు టెక్ ప్యాకేజీలు దాచే సైటు సీటాన్‌లోనే ఉన్నాయి.

హెచ్చరిక: పోర్సన్‌కి బోల్డ్ లేదు, ఇటాలిక్ లేదు. శీర్షికలో బోల్డ్ అడిగితే ఫాంట్ షేప్ అన్‌డిఫైన్డ్ అని హెచ్చరించి మామూలుదే వేస్తుంది. ఫేక్‌బోల్డ్ జోలికి పోకండి, ఊపిరి గుర్తుల సందులు పూడుకుపోతాయి. శీర్షికలకి జీఎఫ్ఎస్ నియోహెల్లెనిక్ తీసుకోండి. దానికి మూలం 1927లో విక్టర్ షోల్డరర్ చేసిన న్యూ హెల్లెనిక్, అది 1492 నాటి వెనిస్ అచ్చుల్ని చూసి చేసింది. బోల్డ్ కూడా ఉంది.

లూనేట్_సిగ్మా
టోలెమీకి పోర్సన్ ఒక్కటే చాలదు పిచ్చయ్య గారూ. అక్షాంశాలు, రేఖాంశాలు గ్రీకు అక్షర అంకెల్లో, భిన్నాలతో ఉంటాయి. సగం గుర్తుకి 10175, మూడింట రెండు వంతుల గుర్తుకి 10177. ఇవి ప్రాచీన గ్రీకు అంకెల బ్లాకులోవి, మామూలు ఫాంట్లలో ఉండవు. న్యూ అథీనా యూనికోడ్‌ని రెండో ఫాంటుగా నిర్వచించి, ఆ గుర్తులకి చిన్న కమాండ్లు రాసుకోండి. సైజు ఒకటే ఇస్తే ఒకటి పెద్దగా కనబడుతుంది, స్కేల్‌లో మ్యాచ్‌లోయర్‌కేస్ ఇస్తే సర్దుకుంటుంది.

అచ్చు మీద దీర్ఘ గీత, దాని మీద ఒక్సియా కావాలన్నా ఇదే దారి. దీర్ఘ ఆల్ఫా 1ఎఫ్‌బీ1 ఉంది కానీ దాని మీద అక్సెంట్ కలిసిన గడి యూనికోడ్‌లో లేదు. 0301ని విడిగా జోడించాలి. ఫాంటులో మార్క్ పొజిషనింగ్ (గుర్తు ఎక్కడ నిలవాలో చెప్పే సమాచారం) లేకపోతే గీత మీద గీత పడి మరకలా ఉంటుంది.

రాజమండ్రి_రెళ్లు
నా దగ్గర ఇంకో పాఠం రోమన్ అక్షరాల్లో ఉంది. బీటా కోడ్ (గ్రీకుని రోమన్ అక్షరాల్లో కొట్టే ఒక పద్ధతి) అనుకుని కన్వర్టర్లో వేస్తే థీటా ఉండాల్సిన చోటల్లా జే అని మిగిలిపోతోంది, ఖి ఉండాల్సిన చోట థీటా పడుతోంది.

కుండలీకరణం
అది బీటా కోడ్ కాదు, పాత లాటెక్‌లో బేబెల్ ప్యాకేజీ వాళ్ల ఎల్‌జీఆర్ పద్ధతి. బీటా కోడులో క్యూ థీటా, సీ క్సి, ఎక్స్ ఖి. ఎల్‌జీఆర్‌లో జే థీటా, ఎక్స్ క్సి, క్యూ ఖి, సీ పదం చివరి సిగ్మా. గుర్తులు కూడా తేడా: బీటా కోడులో దసియాకి (హకారం ఉన్న ఊపిరి గుర్తు) తెరిచే బ్రాకెట్, ప్సిలికి (హకారం లేనిది) మూసే బ్రాకెట్, పెరిస్పోమెనికి (వంపు అక్సెంట్) సమానం గుర్తు, చిన్నక్షరాలకైతే అన్నీ అక్షరం తర్వాత. ఎల్‌జీఆర్‌లో దసియాకి ‘కంటే చిన్న’, ప్సిలికి ‘కంటే పెద్ద’, పెరిస్పోమెనికి టిల్డే, అన్నీ అక్షరానికి ముందు. అక్షరం కింద వచ్చే ఇయోటాకి కొట్టే నిలువు గీత మాత్రం రెండిట్లోనూ అక్షరం తర్వాతే. ఫైల్లో నక్షత్రాలు కనబడితే బీటా కోడ్, అవి పెద్దక్షరానికి పెట్టేవి. టిల్డేలు కనబడితే ఎల్‌జీఆర్.

వరియా_విరించి
లోపించిన అచ్చు దగ్గర పెట్టే అపాస్ట్రఫీకి ఏది వాడాలి? వెబ్ పాఠంలో 1ఎఫ్‌బీడీ ఉంది, అదే సరైనదనుకుంటా.

నిశ్శబ్ద_బైట్
వద్దు. 1ఎఫ్‌బీడీ కొరోనిస్, రెండు మాటలు కలిసిపోయిన చోట పెట్టే గుర్తు. ఎవరైనా ఎన్ఎఫ్‌కేసీ (ఎన్ఎఫ్‌సీ కంటే ఎక్కువగా మార్చే పద్ధతి) చేస్తే అది ఖాళీ స్థలం, దాని మీద ఊపిరి గుర్తుగా విడిపోతుంది, మాటలో బొక్క పడుతుంది. 2019, అంటే మామూలు వంకర అపాస్ట్రఫీ, పెట్టండి.

లూనేట్_సిగ్మా
02బీసీ మేలు. అది అక్షరం కింద లెక్క కాబట్టి పదసూచిక తయారు చేసేటప్పుడు పదం తెగదు. 2019 అయితే మూసే కోట్ ఏదో, లోపించిన అచ్చు ఏదో ప్రోగ్రాముకి తెలియదు.

నిశ్శబ్ద_బైట్
పదసూచిక ఉంటే ఒప్పుకుంటా. లేకపోతే 2019. 02బీసీ లేని ఫాంట్లు ఎక్కువ.

ప్రూఫు_పురుగు
కోణ బ్రాకెట్లు ఏవి వాడుతున్నారు? సంపాదకుడు చేర్చిన మాటలకి లైడెన్ పద్ధతిలో (పాత పాఠాల సంపాదనకి వాడే గుర్తుల నియమాలు) అవి కావాలి కదా. 2329, 232ఏ అయితే ఇప్పుడే మార్చండి. ఎన్ఎఫ్‌సీలో అవి 3008, 3009 అవుతాయి, అవి చైనా జపాన్ లిపుల వెడల్పు బ్రాకెట్లు. గ్రీకు ఫాంటులో ఉండవు, ఉన్నా చుట్టూ మైదానమంత ఖాళీ. 27ఈ8, 27ఈ9 వాడండి, వాటిని ఎవరూ కదిలించరు.

మసాలియా_రేవు
అవే, 2329లే ఉన్నాయి. మార్చాను. ఇక ఎదురెదురు పేజీలు. పాఠాంతరాలకి రెలెడ్‌మ్యాక్, ఎదురెదురు పేజీలకి రెలెడ్‌పార్ ప్యాకేజీలు వాడుతున్నా. తెలుగు పేజీ నాలుగో పేరా దగ్గర్నుంచి కిందికి జారిపోతోంది. పాఠాంతరాల్లో వరుస నంబర్లు కూడా తప్పు వస్తున్నాయి.

రెలెడ్_రంగయ్య
నంబర్లు మొదట. ఒకసారి కంపైల్ చేసి చూస్తే తప్పే ఉంటాయి. మొదటి రన్‌లో వరుసలు లెక్కపెట్టి పక్క ఫైల్లో రాసుకుంటుంది, తర్వాతి రన్‌లో వాటిని చదువుతుంది. మూడు రన్‌లు అలవాటు చేసుకోండి. అప్పటికీ తప్పే అయితే డాట్ 1, డాట్ 1ఆర్ ఫైళ్లు చెరిపేసి మళ్లీ మొదలెట్టండి. మధ్యలో ఎర్రర్‌తో ఆగిపోయిన రన్ సగం రాసిన ఫైలు వదిలేస్తుంది.

ఒకే వరుసలో ఒకే మాట రెండుసార్లు వస్తే, ఉదాహరణకి గ్రీకు మాట ‘దె’, పాఠాంతరం దేనిదో పాఠకుడికి తెలియదు. ఆ మాటల్ని సేమ్‌వర్డ్ కమాండులో చుట్టండి, ఎడ్‌టెక్స్ట్ (పాఠాంతరం తగిలించే కమాండు) లోపలున్నదానికి ఆప్షన్‌గా 1 ఇవ్వండి. పక్కన చిన్న అంకె అదే వేస్తుంది.

పేజీలు: లెఫ్ట్‌సైడ్‌లో ఎన్ని పీస్టార్ట్‌లు (పేరా మొదలుపెట్టే కమాండ్లు) ఉంటే రైట్‌సైడ్‌లోనూ అన్నే ఉండాలి. ఎదురెదురు నిలబెట్టేది పీస్టార్ట్‌నే, వాక్యాన్ని కాదు. మీ తెలుగు అనువాదంలో ఎక్కడో ఒక గ్రీకు పేరాని రెండుగా విరిచి ఉంటారు.

వత్తు_పొల్లు
ఇంకోటుంది. తెలుగు ఫాంటు ఎత్తు. వత్తు కింద వత్తు వచ్చే చోట, స్త్ర్యము లాంటి గుత్తి దగ్గర, వరుస సందు చాలక ఆ ఒక్క వరుసే దిగుతుంది. అలాంటి వరుస ఒకటి పడితే పేజీ మొత్తం ఎదుటి పేజీతో పొత్తు తప్పుతుంది. రెండు వైపులా సందు ఒకటే పెట్టండి: గ్రీకు 12 పాయింట్లు, తెలుగు 11, రెండిటికీ బేస్‌లైన్ 18. లైన్‌స్కిప్‌లిమిట్‌ని మైనస్‌లోకి దించితే ఒకటి రెండు గుత్తులకి వరుస కిందికి జరగదు.

తెలుగుకి స్కేల్ మ్యాచ్‌లోయర్‌కేస్ ఇవ్వకండి. అది కొలిచేది ఆ ఫాంటులోని రోమన్ చిన్నక్షరాల ఎత్తు. తెలుగక్షరాలకి దానితో సంబంధం లేదు. 0.9 అనో 0.92 అనో అంకె ఇచ్చి, అచ్చు తీసి కంటితో చూడడమే.

రెలెడ్_రంగయ్య
వత్తు గారి 18 బాగుంది. గ్రీకు వైపు ఆత్తీ అనే మాటలో చివరి ఈటాకి నెత్తిన పెరిస్పోమెని, కింద ఇయోటా, అంటే 1ఎఫ్‌సీ7. పైవరుస తోకలకి అది తగలకుండా ఉండాలన్నా 12కి 15 కంటే తగ్గకూడదు.

వత్తు_పొల్లు
రంగయ్య గారూ, ‘ఆత్తీ’ కాదు, ‘అఫ్తీ’. మీరు పలికింది మన అత్తగారిని.

రెలెడ్_రంగయ్య
దిద్దుకుంటున్నా. ఎరాస్మస్ లెక్కన ‘అవుతే’ అని కూడా అంటారు, గొడవ పెట్టకండి.

లూనేట్_సిగ్మా
పాఠాంతరాల విషయంలో చిన్న మాట. పెరిప్లస్‌కి చేతిరాత ప్రతులు రెండే: హైడెల్‌బెర్గ్ పలాటినస్ గ్రేకస్ 398, లండన్‌లోని అడిషనల్ 19391. రెండోది మొదటిదానికి నకలే. నకలులోని తేడాలన్నీ అడుగున పోగు చేస్తే పేజీ నిండుతుంది, సమాచారం నిండదు. నకలు రాసినవాడు బుద్ధిగా ఊహించి దిద్దినవి మాత్రం ఉంచండి. ఎక్స్ అరేంజ్‌మెంట్ ఆప్షన్‌లో పేరాగ్రాఫ్ అని ఇస్తే పాఠాంతరాలు వరుసకొకటి కాకుండా ఒకే పేరాలో పారతాయి.

నిశ్శబ్ద_బైట్
పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే చిందరవందర అవుతుంది. జీటెక్ జెనరేట్ యాక్చువల్‌టెక్స్ట్ విలువ 1 పెట్టండి. ఫైలు కాస్త లావెక్కుతుంది కానీ వెతుకులాట పనిచేస్తుంది.

మసాలియా_రేవు
లెక్క చెప్తున్నా. మ్యాప్ ఫైల్లో 16 అచ్చులు, చుక్క, కెరైయా, డ్యాష్‌లు, కోట్లు పెట్టాను. గీతలు, చుక్కలు కుదిరాయి. రంగయ్య గారు అన్నట్టే నాలుగో పేరాని తెలుగులో రెండు చేశాను, కలిపేశాక పేజీలు ఎదురెదురు నిలబడ్డాయి. బేస్‌లైన్ 18. ట్రేసింగ్‌లాస్ట్‌క్యార్స్ 3 పెడితే ఒక్క చోట ఆగింది: తెలుగు వైపు ఉపోద్ఘాతంలో కొంటకోస్సుల, అంటే ఘంటసాల అని గుర్తించే ఊరు, గ్రీకులో రాశాను. అక్కడ తెలుగు ఫాంటే నడుస్తోంది.

కుండలీకరణం
ఆ మాటని టెక్స్ట్‌గ్రీక్‌లో చుట్టండి. ఫాంటుతో పాటు హైఫనేషన్ కూడా మారుతుంది.

మసాలియా_రేవు
చుట్టాను. ఎర్రర్ పోయింది.

చుక్కల_చొక్కా
అచ్చు తీశాక చుక్క ఎత్తు స్కేలు పెట్టి చూసి చెప్పండి.